ఫెలోషిప్‌కు ఒక టాపిక్, మనసులో ఇంకో టాపిక్: రెండూ నడపడం ఎలా?

నెట్ (లెక్చరర్ ఉద్యోగానికి, ఫెలోషిప్‌కు రాసే పరీక్ష) ఫలితాలు వచ్చి పీహెచ్‌డీ అడ్మిషన్లు మొదలయ్యాయంటే చాలు, నా ఫోన్ మోగడం మొదలవుతుంది. ఎవరు చేసినా ప్రశ్న ఒకటే. "అన్నా, నాకు చేయాలని ఉన్నది ఒకటి. గైడ్ దగ్గర డబ్బులున్నది ఇంకోదానికి. ఉద్యోగానికి పనికొచ్చేది మూడోదట. ఏది చేయమంటావు?" ఒక్కొక్కరికి గంటసేపు చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నా.

నేను సోషల్ సైన్సెస్ మనిషిని, చెరువుల మీద పని చేశాను. ఉదాహరణలు అటువైపు నుంచే వస్తాయి. ల్యాబుల్లో ఉన్నవాళ్లకు, అమెరికాలో ఉన్నవాళ్లకు తేడా ఉన్నచోట విడిగా చెప్తాను.

ఒత్తిడి, ఒత్తిడి అని వాపోయేవాళ్లలో చాలామంది, తమను రాతపూర్వకంగా ఎంత అడుగుతున్నారో ఒక్కసారి కూడా చదివి ఉండరు. చదివితే తెలుస్తుంది, అడిగేది మన భయమంత లేదని. అడిగినంత లెక్కగా ఇచ్చేస్తే మిగిలిన టైం మనది. కింద చెప్పేదంతా ఆ లెక్కే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- మీ ఫెలోషిప్ లేదా ప్రాజెక్టు ఆర్డర్ కాపీ. షరతులున్న పేజీలతో సహా.
- మీ యూనివర్సిటీ పీహెచ్‌డీ నిబంధనలు. సీనియర్ చెప్పినవి కాదు, ప్రింట్ తీసినవి.
- రిజిస్ట్రేషన్ తేదీ, ఫెలోషిప్ ఆగిపోయే తేదీ. రెండూ ఒక కాగితం మీద.
- 6 నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్.
- రెండు నోటు పుస్తకాలు, వేర్వేరు రంగుల అట్టలవి. ఎందుకో నాలుగో మెట్టులో చెప్తాను.

1. మీ ప్రశ్నను ఒక్క తెలుగు వాక్యంలో రాయండి

టాపిక్ కాదు, ప్రశ్న. "చెరువుల నిర్వహణ" అంటే టాపిక్. "ఊళ్లో నీరటి లేకుండా పోయాక తూము ఎప్పుడు ఎత్తాలో ఎవరు తేలుస్తున్నారు?" అంటే ప్రశ్న. (నీరటి అంటే చెరువు నీళ్లు పంచే మనిషి.) చివర ప్రశ్నార్థకం పెట్టగలగాలి.

తెలుగులో ఎందుకంటే, ఇంగ్లిష్‌లో రాస్తే గవర్నెన్స్, రెజిలియెన్స్, సస్టెయినబిలిటీ అని వాటంతట అవే వచ్చి కూర్చుంటాయి. అవి ఎవరో ఇచ్చిన ప్రకటనలోంచి వచ్చిన మాటలు. తెలుగులో ఆ వాక్యం ఎంతకీ రాకపోతే, ఆ ప్రశ్న ఇంకా మీది కాలేదన్నమాట. ఓ నెల ఆగండి, తొందరేం లేదు.

తరచూ చేసే తప్పు: గైడ్ మీద కోపాన్నో, ప్రాజెక్టు మీద విసుగునో "సొంత ప్రశ్న" అనుకోవడం. ఇది చేయాలని లేదు అన్నంత మాత్రాన, చేయాలనున్నది ఒకటి తయారుగా ఉన్నట్టు కాదు.

2. మిమ్మల్ని అడుగుతున్నదెంతో అంకెల్లో రాయండి

ఒక ఆదివారం సాయంత్రం దీనికి కేటాయించండి. యూజీసీ (యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే కేంద్ర సంస్థ) 2022 నవంబర్‌లో తెచ్చిన నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కోర్స్‌వర్క్‌తో కలిపి కనీసం 3 ఏళ్లు, గరిష్ఠం 6 ఏళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో 2 ఏళ్ల వరకు దొరుకుతుంది. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవాళ్లకు మరో 2 ఏళ్ల సడలింపు ఉంది. ప్రతి సెమిస్టర్‌లో ఒకసారి రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు ప్రోగ్రెస్ చెప్పాలి. థీసిస్ ఇచ్చే ముందు పేపర్ పబ్లిష్ చేసి తీరాలన్న షరతును యూజీసీ ఆ నిబంధనల్లో తీసేసింది. మీ యూనివర్సిటీ దాన్ని తనంతట తాను అట్టే పెట్టుకుని ఉండొచ్చు, అందుకే ప్రింట్ తీయమన్నది.

జేఆర్ఎఫ్ (నెట్ ద్వారా వచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) మొత్తం 5 ఏళ్లు. గడువేమో 6 ఏళ్లు. మధ్యలో ఒక ఏడాది చేతిలో పైసా లేని ఏడాది. ఈ తేడాను మొదటి ఏడాదిలోనే చూసుకున్న స్కాలర్‌ను నేను ఇంతవరకు ఒక్కరినీ చూడలేదు. నాలుగో ఏడాది చివర్లో చూసి టెన్షన్ పడేవాళ్లే అందరూ.

ఇక ఉద్యోగం. యూజీసీ 2018 నిబంధనల్లో యూనివర్సిటీ అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంటర్వ్యూకు షార్ట్‌లిస్ట్ చేసే పట్టిక ఒకటుంది. పీహెచ్‌డీకి 30 మార్కులు. జేఆర్ఎఫ్‌తో నెట్ ఉంటే 7. బోధన అనుభవానికి ఏడాదికి 2 చొప్పున 10 వరకు. పేపర్లకు ఒక్కోదానికి 2, ఎన్ని ఉన్నా 10కి మించవు. కాలేజీ పోస్టుల పట్టికలో పేపర్లకు 6 మార్కులే. అంటే యూనివర్సిటీకి 5 పేపర్లు, కాలేజీకి 3. ఆరో పేపర్‌కు ఆ పట్టికలో సున్నా! పైగా ఆ మార్కులు ఇంటర్వ్యూకు పిలవడానికే, ఎంపికకు కాదు. ఇంటర్వ్యూలో మీరు దేని గురించి పది నిమిషాలు ఆగకుండా మాట్లాడగలరో ఆలోచించుకోండి. 14 పేపర్లు వేసి, ఒక్కదాని గురించీ రెండు మాటలు చెప్పలేక తడబడ్డవాళ్లను చూశాను.

హెచ్చరిక: 2025 జనవరిలో యూజీసీ కొత్త ముసాయిదా బయటపెట్టింది. కాబట్టి మీరు దరఖాస్తు చేసే నోటిఫికేషన్‌లో ఏ పట్టిక ఉందో దాన్నే నమ్మండి, నా అంకెల్ని కాదు.

3. చేతిలో డబ్బు ఎన్ని నెలలకు వస్తుందో చూడండి

2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ మొదటి 2 ఏళ్లు నెలకు 37,000, ఆ తర్వాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో)గా 42,000. హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) అదనం. సెంట్రల్ యూనివర్సిటీల్లో నాన్-నెట్ (నెట్ ఫెలోషిప్ లేని) స్కాలర్లకు నెలకు 8,000. ఈ రెండు వర్గాలకూ ఒకే సలహా ఇచ్చేవాళ్ల మాట వినకండి. 8,000తో హైదరాబాద్‌లో బతుకుతున్నవాళ్లతో "నీ మనసుకు నచ్చింది చెయ్" అనడం తేలికే. అనేవాళ్లకు ఇంటి అద్దె ఉండదు.

అంకె కాదు అసలు సమస్య, తేదీ. నేను ప్రాజెక్ట్ ఫెలోగా చేరిన కొత్తలో ఒక ఆఫీసులో ఫైల్ కదలక 5 నెలలు జీతం రాలేదు. ఆ 5 నెలల్లో నా సొంత పుస్తకంలో ఒక్క పేజీ లేదు. మనసుకు నచ్చిన పరిశోధన నెత్తిన అప్పు ఉంటే సాగదు. ఇది నేను అనుభవించి నేర్చుకున్నది.

అందుకే 3 నెలల ఖర్చు విడిగా పక్కన పడేవరకు సొంత ప్రశ్న మీద జేబు డబ్బు పెట్టకండి. బస్ చార్జీలు కూడా. కంటింజెన్సీ (పరిశోధన ఖర్చులకు ఫెలోషిప్‌తో పాటు ఇచ్చే డబ్బు)లోంచి వచ్చేవి అందులోంచే పెట్టండి, బిల్లులు దాచండి. ఇంకోటి, ఫెలోషిప్ తీసుకుంటూ ఇంకోచోట జీతం తీసుకోవద్దు. రికవరీ నోటీసు వచ్చిన రోజు ఏ ప్రశ్నా గుర్తుండదు.

డబ్బు లేకుండా జరిగే పని కూడా బోలెడుంది. తార్నాకలో తెలంగాణ స్టేట్ ఆర్కైవ్స్, ఓయూ క్యాంపస్‌లో ఐసీఎస్ఎస్ఆర్ (సోషల్ సైన్సెస్ పరిశోధనకు కేంద్ర సంస్థ) దక్షిణ ప్రాంతీయ కేంద్రం, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, ఆంధ్ర వైపు వేటపాలెం సారస్వత నికేతనం. ఒక టిఫిన్ డబ్బా, పెన్సిల్ చాలు. జర్నళ్ల సంగతి కూడా మారింది. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర పథకం కింద దాదాపు 13,000 జర్నళ్లు ప్రభుత్వ విద్యాసంస్థల్లో చదువుకోవచ్చు. మీ లైబ్రేరియన్‌ను లాగిన్ అడగండి. అడగనివాళ్లే ఎక్కువ.

4. ఒకే ఫీల్డ్, రెండు పుస్తకాలు

నేను చెప్పేవాటిలో ఎక్కువ పనికొచ్చేది ఇదే. కాస్త నిదానంగా చదవండి.

2015లో తెలంగాణలో చెరువుల పునరుద్ధరణకు మిషన్ కాకతీయ మొదలైంది. దాదాపు 46 వేల చెరువుల్లో పూడిక తీయాలన్నది లక్ష్యం. ఆ ఊపులో చెరువుల మీద ప్రాజెక్టులు కూడా వచ్చాయి. నేను చేరిన ప్రాజెక్టులో నా పని ప్రశ్నావళి నింపడం. ఆయకట్టు ఎంత పెరిగింది, బోర్లలో నీళ్లు పెరిగాయా, మత్తడి దూకిందా. నా మనసులో ఉన్నదేమో నీరటి. చెరువు తూము ఎత్తి దించుతూ, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లో చూసుకుని, కల్లం దగ్గర వడ్లు కొలిపించుకునే మనిషి. అతని గురించి ప్రశ్నావళిలో ఒక్క గడి కూడా లేదు.

జనగామ వైపు ఒక ఊళ్లో కట్ట మీద కూర్చున్న ఒక పెద్దాయనను అడిగాను, పూడిక తీశాక సాగు పెరిగిందా అని. "అవునని రాస్కో బిడ్డా. గని తూము ఎత్తేటోడు లేడు. మొన్న రెండు రాత్రులు నీళ్లు ఉత్తగనే పోయినయి" అన్నాడు. "అవును" గడిలో టిక్ పెట్టాను. మిగతా రెండు వాక్యాలకు గడి లేదు. ఆ రాత్రి బస్టాండ్ పక్క కొట్టులో 20 రూపాయలు పెట్టి ఇంకో పుస్తకం కొన్నాను. నీలం అట్టది. ప్రాజెక్టుది ఎర్రది.

అప్పటినుంచి పద్ధతి ఇదీ:

అ) ముందు ఎర్ర పుస్తకం పని పూర్తి చేయండి. జీతం ఇస్తున్నది దానికి. ప్రశ్నావళి సగంలో ఆపి మీ ముచ్చట మొదలుపెట్టొద్దు.

ఆ) తర్వాత పుస్తకం మూసి, ఎదుటి మనిషికి చెప్పండి: "సర్కారు లెక్కల పని అయిపోయింది. ఇప్పుడు అడిగేది నా సొంత చదువుకు. ఇష్టం లేకపోతే చెప్పకండి." ఈ మాట చెప్పకుండా రాసుకున్నది వాడుకోవద్దు. ఒక పనికి ఇచ్చిన అనుమతి ఇంకో పనికి చెల్లదు. మీ సంస్థలో ఎథిక్స్ కమిటీ ఉంటే అక్కడా రెండో పని గురించి రాయండి.

ఇ) నీలం పుస్తకంలో రోజుకు 2 పేజీలు మించకండి. మించితే మర్నాడు ఎర్ర పని వెనకబడుతుంది.

ఈ) వారానికోసారి రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. ఎర్రదాంట్లో అంకె ఎక్కడ మాట్లాడకుండా కూర్చుందో, అక్కడ నీలందాంట్లో మాట దొరుకుతుంది. నా థీసిస్ నాలుగో చాప్టర్ అలాగే పుట్టింది.

అందరికీ ఇలా కుదరదు. ప్రాజెక్టు ఒకవైపు, మీ ప్రశ్న ఇంకోవైపు, మధ్యలో ఏ గట్టూ కలవదనుకోండి, కలిపే ప్రయత్నం చేయకండి. అతుకు వేసిన థీసిస్ వైవాలో మొదటి ప్రశ్నకే ఊడిపోతుంది. అప్పుడు సొంత ప్రశ్నను ఒక వ్యాసానికి సరిపడా చిన్నది చేసుకోండి. ఏడాదికి ఒక వ్యాసం, అంతే.

ల్యాబ్‌లో ఉన్నవాళ్లకు: శాంపిల్ మీది కాదు, రసాయనం మీది కాదు, ఫ్రీజర్‌లో చోటు కూడా మీది కాదు. గైడ్‌కు తెలియకుండా పక్క ప్రయోగం చేయొద్దు. మీకు వీలైనది ఇప్పటికే ఉన్న డేటాను ఇంకో ప్రశ్నతో చదవడం. గణితం, థియరీ వైపు ఉద్యోగంలో చేరినవాళ్లకు మ్యాట్రిక్స్ అనే కేంద్ర ప్రభుత్వ గ్రాంట్ పథకం ఉంది. ఏడాదికి 2 లక్షలు, 3 ఏళ్లు. పరికరాలు అక్కర్లేని సొంత ప్రశ్నకు అదే ధారాళం.

అమెరికాలో ఉన్నవాళ్లకు: ఆర్ఏ (రీసెర్చ్ అసిస్టెంట్) అయితే మీ టాపిక్ ప్రొఫెసర్ గ్రాంట్‌తో ముడిపడి ఉంటుంది. టీఏ (టీచింగ్ అసిస్టెంట్) అయితే పాఠాల చాకిరీ ఎక్కువ, కానీ టాపిక్ మీద మాట మీదే. 2025లో ఎన్ఐహెచ్, ఎన్ఎస్ఎఫ్ (అక్కడ పరిశోధనకు డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థలు) గ్రాంట్లు చాలా మధ్యలోనే రద్దయ్యాయి. గ్రాంట్ ఆగితే మీ డిపార్ట్‌మెంట్ ఎన్ని సెమిస్టర్లు టీఏ ఇస్తుందో ఇప్పుడే అడిగి, ఈమెయిల్‌లో జవాబు తీసుకోండి.

5. గైడ్‌తో మాట్లాడండి, కానీ ఉత్త చేతులతో వెళ్లకండి

"సార్, నాకు ఈ టాపిక్ మీద ఇంట్రెస్ట్ లేదు" అని మొదలుపెడితే సంభాషణ అక్కడికి సరి. ఆయన కూడా ఎవరికో యుటిలైజేషన్ సర్టిఫికెట్ (గ్రాంట్ డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పే లెక్క) పంపాల్సిన మనిషి.

నాకు పనిచేసిన పద్ధతి: ప్రాజెక్టు పని ఆ నెలది పూర్తిచేసి, దాంతోపాటు రెండు పేజీలు పట్టుకెళ్లాను. మొదటి పేజీలో ఫీల్డ్‌లో దొరికింది, రెండో పేజీలో అది థీసిస్‌లో ఏ చాప్టర్ కాగలదో. "మేడమ్, ప్రాజెక్టు రిపోర్ట్‌కు అడ్డం రాకుండా ఇది ఒక చాప్టర్ చేసుకోవచ్చా?" అన్నాను. ఆవిడ చదివి, "చాప్టర్ కాదు, ముందు ఒక సెమినార్ ఇవ్వు" అన్నారు. అది కాదనడం కాదు. మర్నాడు "మీరు చెప్పినట్టు ఫలానా నెలలో సెమినార్ ఇస్తాను" అని మెయిల్ పెట్టాను. రాతలో ఉంటే ఆవిడకూ గుర్తుంటుంది, మనకూ బాధ్యత ఉంటుంది.

అదే మెయిల్‌లో ఇంకో సంగతి తేల్చుకోండి: ఆ డేటా ఎవరిది, పేపర్ వేస్తే ఎవరి పేర్లు ఏ వరసలో. ఇది మొహమాటపడే విషయం కాదు. స్నేహాలు ఇక్కడే చెడతాయి.

గైడ్ ససేమిరా అంటే? ఆరు నెలలాగి, సెమినార్లలో పరిచయమైన ఇంకొకరిని కో-గైడ్‌గా అడగొచ్చేమో చూడండి. గైడ్‌ను మార్చడం ఆఖరి మందు. నిబంధనల్లో ఉంది, కానీ ఒక ఏడాది తినేస్తుంది.

6. ప్రపోజల్ రాసేటప్పుడు భాష మార్చండి, ప్రశ్న మార్చకండి

నా ప్రశ్న మీకు తెలుసు. ప్రపోజల్‌లో అది "పునరుద్ధరించిన చెరువుల్లో నీటి పంపిణీ బాధ్యత: స్థానిక ఏర్పాట్ల అధ్యయనం" అయింది. అబద్ధమేమీ లేదు. పూడిక తీయడానికి డబ్బు పెట్టినవాళ్లకు, ఆ నీళ్లు వృథాగా పోతున్నాయో లేదో తెలియాలి కదా. వాళ్ల అవసరం ఎక్కడ మీ ప్రశ్నను తాకుతుందో అక్కడ నిలబడి రాయడమే కిటుకు.

ఎంతవరకు మార్చొచ్చు? నాకు ఒక కొలత ఉంది. ప్రపోజల్‌లోని వాక్యాన్ని తెలుగులో నీరటికి చదివి వినిపిస్తే, అతను "ఇది మా ముచ్చటేనా?" అనకూడదు. ఈ ఏడాది ఏఐకి డబ్బులున్నాయని నీరటి పక్కన ఏఐని తెచ్చి కూర్చోబెడితే, గ్రాంట్ వచ్చినా ఇబ్బందే. వచ్చాక అది చేయాల్సింది మీరే.

7. పేపర్లు: తక్కువ, కానీ నిలబడేవి

యూజీసీ-కేర్ జాబితాను (మంచివని యూజీసీ ఒప్పుకున్న జర్నళ్ల జాబితా) యూజీసీ 2025 ఫిబ్రవరిలో ఎత్తేసింది. ఇప్పుడు ఏ జర్నల్ మంచిదో మీ సంస్థే తేల్చుకోవాలి. దాంతో వాట్సాప్‌లో "3 రోజుల్లో పబ్లికేషన్, సర్టిఫికెట్ ఫ్రీ" గాళ్లు మళ్లీ బయల్దేరారు. డబ్బు కట్టే ముందు మూడు పనులు చేయండి. ఆ జర్నల్ పాత సంచికలో మీ రంగానికి చెందిన వ్యాసం ఒకటి పూర్తిగా చదవండి. ఎడిటోరియల్ బోర్డులో పేరున్న ఒకరికి మెయిల్ పెట్టి, నిజంగా ఉన్నారా అని అడగండి. వెబ్‌సైట్ చిరునామాను ఒక్కో అక్షరం చూడండి, అసలు జర్నల్ పేరుతో నకిలీ సైట్లు ఉంటాయి.

ఎర్ర పుస్తకం నుంచి రెండు, నీలం నుంచి ఒకటి. 5 ఏళ్లకు ఈ నిష్పత్తి చాలు. నీలం పుస్తకంలోది తెలుగులో కూడా రాయండి. ఏ పట్టికలోనూ మార్కు రాదు. ఆ కట్ట మీద పెద్దాయన మనవడు చదివి ఫోన్ చేసి, రెండు తప్పులు దిద్దాడు. నా ఏ ఇంగ్లిష్ పేపర్‌కూ అంత గట్టి సమీక్ష రాలేదు.

సరిగ్గా నడుస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

అడ్వైజరీ కమిటీకి ఎటూ ఆరు నెలలకోసారి వెళ్లాలి. దానికి వారం ముందు ఇవి చూడండి:

- గత 4 వారాల్లో సొంత ప్రశ్న మీద ఎన్ని గంటలు? వారానికి 4 కన్నా తక్కువైతే అది కోరికే, పని కాదు. 15 దాటితే థీసిస్ ఆగిపోయి ఉంటుంది, చూసుకోండి.
- ఇవాళ డబ్బు ఆగితే ఎన్ని నెలలు గడుస్తుంది? 3 కన్నా తక్కువైతే మళ్లీ మూడో మెట్టు.
- మొదటి మెట్టులో రాసిన వాక్యం ఇప్పుడు ఎలా రాస్తారు? అక్షరం కూడా మారకపోతే మీరు ఫీల్డ్ నుంచి ఏమీ నేర్చుకోనట్టే.
- చాప్టర్ రాయాల్సిన వారాల్లోనే సొంత ప్రశ్న మీద ప్రేమ పొంగుతోందా? ఇది నాకూ జరిగింది. రాయడానికి భయమేసి నీలం పుస్తకం చాటున దాక్కున్నాను. దానికి మందు ఒక్కటే, పుస్తకం స్నేహితుడి గదిలో పెట్టి రావడం.

శాస్త్రవేత్త కాటలిన్ కారికో కథ నాకు ఏడాదికి పదిసార్లు ఫార్వర్డ్ అవుతుంది. 1995లో యూనివర్సిటీలో హోదా తగ్గించినా ఎంఆర్ఎన్ఏ (తర్వాత కొవిడ్ టీకాలకు దారితీసింది) పరిశోధనను వదల్లేదు, 2023లో నోబెల్ వచ్చింది. నిజమే, గొప్ప మనిషి. మధ్యలో 28 ఏళ్లు. మీ ఫెలోషిప్ 5 ఏళ్లు. గౌరవించండి, ప్లాన్ మాత్రం ఆవిడను చూసి వేసుకోకండి.

ఐదో ఏడాదిలో ఉన్నాను, సొంతది మొదలే కాలేదు, ఏం చేయాలి?

ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే, ఎక్కువగా రాత్రి పదకొండు తర్వాత. ముందు థీసిస్ ఇచ్చేయండి. నీలం పుస్తకాన్ని పెట్టెలో పెట్టండి. పెట్టే ముందు ఒక రోజు కూర్చుని ప్రతి పేజీ మీద తేదీ, ఊరు, మాట్లాడిన మనిషికి ఒక గుర్తు సంఖ్య, అప్పుడు ఏం పంట కాలమో రాయండి. పేర్ల జాబితా వేరే కాగితం మీద, వేరే చోట. ఫోన్‌లో ఉన్న రికార్డింగులకూ అదే సంఖ్య.

నేను ఇది చేయలేదు. మూడేళ్ల తర్వాత పెట్టె తెరిస్తే, ఒక పేజీ మధ్యలో కింద రెండు గీతలు గీసి మరీ రాసి ఉంది: "పెద్దాయన మళ్లీ అదే మాట అన్నాడు. చాలా ముఖ్యం." ఏ పెద్దాయన, ఏ మాట అన్నది ఇప్పటికీ తెలియదు.